మూడో ప్రతి

మా అక్కగారిది వనపర్తి. ఆమె చిన్నకొడుకు హైదరాబాదులో సాఫ్టువేరు యింజనీరు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బట్టల పెట్టె డిక్కీలో పడేసి, లాప్‌టాపును మాత్రం పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని యిల్లు చేరాడు. ఆ యేడు గద్వాలలో చూసినా, వనపర్తిలో చూసినా, నాగర్‌కర్నూలులో చూసినా యిదే దృశ్యం. వేపచెట్టు కింద నులకమంచం, మంచంమీద లాప్‌టాపు, చెవుల్లో రెండు బిరడాలు, యెదుట యెవరూ లేకపోయినా యింగ్లీషులో యెడతెగని సంభాషణ! దారినపోయే ముసలమ్మలు ఆగి, "పోరనికి గాలి గిట్ల సోకిందా?" అని అడిగినమాట అబద్ధం కాదు.

తరువాత చాలామంది తిరిగి పట్నం వెళ్లిపోయారు. మావాడు మాత్రం యిప్పటికీ వారానికి రెండురోజులు యింటి దగ్గరనుంచే పనిచేస్తాడు. ఒకసారి నేను వెళ్లినప్పుడు అక్క కాఫీ యిస్తూనే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"చూసినావుర తమ్మీ! నీళ్లు తాగనీకి లేచినా పెట్టెకు తాళమేసి లేస్తడు. మా యింట్ల దొంగలున్నరా యేంది?"

"దొంగలు లేరు మామా, చిన్నిగాడున్నడు" అన్నాడు మేనల్లుడు.

చిన్నిగాడంటే అక్క పెద్దకొడుకు కొడుకు. ఆరేళ్లవాడు. ఒకనాడు మావాడు చేయి కడుక్కోవడానికి లేచి వచ్చేలోగా వాడు మీటలన్నీ వాయించి, అమెరికాలో వున్న ఒక పెద్దమనిషికి యాభై అరవై అక్షరాల అర్థంలేని లేఖ పంపించాడట. ఆయన సరదా మనిషి కావడంవల్ల గండం గడిచింది. ఆనాటి నుంచి మావాడు కుర్చీలోంచి లేచేముందు విండోస్ గుర్తువున్న మీట, దానితోపాటు యల్ అనే మీట నొక్కకుండా లేవడు. తెర మూతపడుతుంది. పాస్‌వర్డు కొడితేగాని తెరుచుకోదు.

"పెట్టె కంపెనీది మామా. అందులో వున్న లెక్కలు యింకెవరివో. చిన్నిగాడు నొక్కినా పేరు నాదే, వుద్యోగమూ నాదే" అన్నాడు.

నేను నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందని తెలుగు పాఠం చెప్పేవాడికి గుర్తుండవలసింది!

నాకూ ఒక లాప్‌టాపు వుంది. పదకొండేళ్లపాటు సెలవులు దొరికినప్పుడల్లా నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, నాట్లువేసే ఆడవాళ్లచేత, ముసలమ్మలచేత పాడించి పట్టుకున్న పాటలు నూటనలభై దాకా అందులో దాచుకున్నాను. నిరుడు ఆషాఢంలో ఒక రాత్రి అది తెరుచుకోలేదు. లోపలినుంచి గోడగడియారం చప్పుడులాగా టిక్కు టిక్కుమని వినబడింది. నాది పాతకాలపు హార్డుడిస్కు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం, దానిమీద వెంట్రుకకంటె సన్నని యెడంతో తేలియాడే ముల్లు. ఆ ముల్లు దారితప్పినప్పుడు వచ్చే చప్పుడట అది. ఇప్పటి కొత్త యంత్రాలలో తిరిగే పళ్లెం లేదు. అవి చప్పుడు చెయ్యవు. పోయేటప్పుడు కూడా చప్పుడు చెయ్యకుండానే పోతాయని తరువాత తెలిసింది.

వూళ్లో ఒక దుకాణానికి, అక్కడినుంచి హైదరాబాదుకు, మొత్తంమీద నెలరోజులు. తొంభయ్యారు పాటలు దక్కాయి. నలభైనాలుగు పోయాయి. పోయినవాటిలో ఒక జోలపాట వుంది. అది పాడిన అవ్వ అంతకు ముందు సంక్రాంతికే కాలం చేసింది. మళ్లీ వెళ్లి పాడించుకుందామంటే మనిషి లేదు.

"పదకొండేళ్లు యెండలో తిరిగి, తీరా దాచింది ఒక్కచోటేనా?" అంది మా ఆవిడ. ఆమె ఆవకాయ కూడా రెండు జాడీల్లో పెడుతుంది.

పాత సాహిత్యం చదువుకున్నవాడు చెయ్యగూడని తప్పు యిది. తాటాకు గ్రంథాలు మనదాకా వచ్చాయంటే, అవి గట్టివి కావడంవల్ల కాదు. పురుగు తినేది, తేమ పట్టేది. ఒక వూళ్లో పోయినది మరో వూళ్లో మరొకరు రాసుకున్న ప్రతిలో దొరికేది. అంతదూరం పోనక్కరలేదు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను ఒకచోట చేర్చారు. ఆ కాగితాలు యెవరి పెట్టెలో వాళ్లకే వుండిపోతే వాటిలో యెన్ని నేటికి మిగిలేవో! ఇవన్నీ తరగతిలో చెప్పినవాణ్ణి నేనే. ఇంటికొచ్చి చేసినది యింకొకటి.

మేనల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఈసారి నేను కాగితం, కలం పట్టుకున్నాను. పీటర్ క్రో అని అమెరికాలో ఒక ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి చెప్పాడు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి యింటి బయట. లాప్‌టాపులో వున్నది మొదటిది. విడిగా కొనుక్కున్న డిస్కులో వున్నది రెండవది. యింటర్నెట్టులోనో, వేరే వూళ్లో అక్కయింట్లోనో వున్నది మూడవది. ఇందులో రెండు మెలికలున్నాయి. విడిడిస్కును యెప్పుడూ లాప్‌టాపుకు తగిలించే వుంచితే, లోపల జొరబడిన పురుగు దానినీ తింటుంది. ప్రతి తీసిన తరువాత వూడదీసి బీరువాలో పెట్టాలి. ఇక యింటర్నెట్టులో దానంతటదే నకలు చేసుకునే యేర్పాటు వుందే, అది అద్దంవంటిది. మనం యిక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. కొన్నాళ్లు చెత్తబుట్టలో వుంటుంది, అంతే.

పురుగంటే నాకు వేళాకోళంగా వుండేది. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్తు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారిగా మూతపడటం చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. మన మూడు జిల్లాలకూ కరెంటు యిచ్చే దక్షిణ డిస్కం కూడా అందులో చిక్కుకుంది. లోపలి ఫైళ్లకు తాళంవేసి, సొమ్ము యిస్తేనే తీస్తామనే రాన్సమ్‌వేర్ బాపతు పని అది. ప్రతులు వుండబట్టి తేరుకున్నారు. అంతకు రెండేళ్లముందు, 2017 మే నెలలో, వన్నాక్రై అనే అటువంటి పురుగే నూటయాభై దేశాలదాకా పాకింది. చిత్రమేమిటంటే, దానికి విరుగుడును మైక్రోసాఫ్టు కంపెనీ మార్చిలోనే యిచ్చింది. "అప్‌డేటు చెయ్యమంటారా?" అని యంత్రం అడిగినప్పుడల్లా "తరువాత చూద్దాం" అన్నవారే యెక్కువగా దెబ్బతిన్నారు. నేనూ ఆ తరువాతచూద్దాం జాతివాడినే. మరొకమాట. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంట్లో పిల్లల చదువుకని పాత లాప్‌టాపు వాడుతున్నవారు అది యే విండోసో ఒకసారి చూసుకోవాలి.

పాస్‌వర్డు సంగతి చెప్పాలంటే నాకే సిగ్గు. నాది నా పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. మావాడు యెవరినీ అడక్కుండా మూడో ప్రయత్నంలో తెరిచేశాడు.

కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టే అలవాటు 1961 ప్రాంతాల అమెరికాలో యం.ఐ.టి.లో, ఫెర్నాండో కోర్బాటో బృందం దగ్గర మొదలైంది. ఒకే యంత్రాన్ని పదిమంది వాడుకోవాలి, యెవరి కాగితాలు వారికి వుండాలి. అంతే అప్పటి అవసరం. 2003లో అక్కడి ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఆయన, పెద్దక్షరం వుండాలి, అంకె వుండాలి, గుర్తు వుండాలి, తరచు మార్చాలి అని నియమాలు రాశాడు. లోకమంతా పాటించింది. పాటించి, ఒకటి చివర రెండు, రెండు చివర మూడు తగిలిస్తూ పోయింది. 2017లో ఆయనే తాను రాసినదానిలో చాలాభాగానికి విచారిస్తున్నానన్నాడు. ఆ సంస్థ కూడా ఆ యేడే మాట మార్చింది: పొడుగు ముఖ్యం, వూరికే మార్చుతూ వుండనక్కరలేదు, బయటపడిందని తెలిస్తే మార్చండి అని.

పొడుగంటే మనకు కరువా! ఒకదానితో ఒకటి పొంతనలేని నాలుగు తెలుగు మాటలు తీసుకుని, యింగ్లీషు అక్షరాలలో వరసగా రాస్తే సరి. చింతపండు, రైలుగేటు, పెదనాన్న, సోమవారం. ఇవి పత్రికలో పడ్డాయి గనుక యిక పనికిరావు. మీవి మీరు వెతుక్కోండి. పద్యపాదాలూ, సినిమా పాటలూ వద్దు. మీకు వచ్చినవి దొంగకూ వస్తాయి.

అంకెల పిన్ను గుర్తుంచుకోవడానికి నేనే ఒక వుపాయం చెప్పి మావాణ్ణి ఆశ్చర్యపరిచాను. కటపయాది లెక్క. క, ట, ప, య అనేవి ఒకటి. అక్కడినుంచి వరసగా ఖ రెండు, గ మూడు, యిలాగ. కుడినుంచి యెడమకు చదవాలి. మాయామాళవగౌళ మేళకర్తలలో యెన్నవదంటే, మా అయిదు, యా ఒకటి, తిప్పితే పదిహేను. వేంకటమఖి సంప్రదాయం యెరిగిన సంగీతం మేష్టర్లకు యిది కరతలామలకం. గణపతి అనుకుంటే 6153 వస్తుంది. అందరూ గణపతినే తలుచుకుంటారు గనుక, మీరు మీ పెరట్లో చెట్టుపేరో, చిన్ననాటి స్నేహితుడి యింటిపేరో చూసుకోవడం మంచిది.

అయినా బాంకుకొకటి, ఆఫీసుకొకటి, ఉత్తరాలకొకటి అంటే యెన్నని గుర్తుంటాయి? అందుకు పాస్‌వర్డు మేనేజరు అనే తాళాలగుత్తి వుంది. ముఖ్యమైనవాటికి రెండో గడియ కూడా పెట్టించాడు. పాస్‌వర్డు కొట్టాక ఫోనులో వచ్చే సంఖ్య కూడా కొట్టాలి. ఇంకొకటి, డిస్కును మొత్తంగా సంకేతలిపిలోకి మార్చే బిట్‌లాకరు. కొత్తకోట అడ్డరోడ్డులో బస్సు దిగుతూ సంచీ మరచిపోయారనుకోండి. పెట్టె పోతుంది, లోపలి కాగితాలు మాత్రం యెవరికీ చదవరావు. దాని తాళంచెవి సంఖ్యను కాగితంమీద రాసి వేరేచోట పెట్టుకోవాలి. అదే సంచీలో కాదు.

ఇంట్లో పిల్లలకు వేరే ఖాతా తెరవాలి. కంపెనీ లాప్‌టాపయితే అసలు యివ్వగూడదు. మా అక్కకు యీ ముక్క మింగుడుపడటానికి రెండేళ్లు పట్టింది. ఆటలకోసం, సినిమాలకోసం వూరికే దొరికే దొంగ సాఫ్టువేరు యెక్కించడమంటే, అరిసెల ఆశకు తలుపుతీసి పడుకోవడమే. బాంకునుంచి అని, కొరియరునుంచి అని ఫోనుచేసి, "ఫలానా యాప్ పెట్టుకోండి, మేము యిక్కడినుంచే సరిచేస్తాం" అనేవాడికి మన తెర అప్పగిస్తే, మన చేతులు మన ఖాతాను దోచిపెడతాయి. పొరపాటున సొమ్ము పోతే సిగ్గుపడుతూ రాత్రంతా కూర్చోగూడదు. వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. మొదటి గంట రెండుగంటల్లో చెబితే సొమ్ము దారిలో ఆపే అవకాశం వుంటుంది. చదువుకున్నవారే యెక్కువగా ఆలస్యం చేస్తారు, నలుగురూ నవ్వుతారని.

పని చురుకుగా సాగడానికి మావాడు చెప్పిన చిట్కాలలో నాకు బాగా పట్టుబడినవి రెండే. విండోస్ మీట, వి మీట కలిపి నొక్కితే, యింతకుముందు నకలు తీసుకున్న ముక్కలన్నీ వరసగా కనబడతాయి. పరీక్ష ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి యిది కామధేనువు. రెండోది, రాసుకునేవేళ కబుర్లు మోసుకొచ్చే గంటలన్నీ ఆపెయ్యడం. లాప్‌టాపును పరుపుమీద పెడితే దానికి వూపిరాడదనీ, బాటరీని యెప్పుడూ నిండుకుండలా వుంచనక్కరలేదనీ కూడా చెప్పాడు.

తెలుగు రాసేవారికి మాత్రం నేను చెప్పేది ఒకటుంది. పాత అను ఖతులలో కొట్టిన వ్యాసాన్ని ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలే కనబడతాయి. నా యం.ఏ. నాటి వ్యాసాలు కొన్ని అలాగే వున్నాయి, యెవరో శాసనం పరిష్కరించినట్టు పరిష్కరించాలి. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు చోటుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు ముందునుంచే వుంటుంది. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులు యెడమచేతికి, హల్లులు కుడిచేతికి. పదిహేను రోజులు కష్టపడితే చేతివేళ్లకు వచ్చేస్తుంది.

ఇప్పుడు నా తొంభయ్యారు పాటలకు మూడేసి ప్రతులున్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి యింటర్నెట్టులో, ఒకటి వనపర్తిలో అక్క బీరువాలో పట్టుచీరల మధ్య.

మొన్న శ్రావణంలో నా పాత విద్యార్థిని ఒకామె ఫోను చేసింది. గద్వాల కోటలోని కాలేజీలో చదివిన పిల్ల. ఇప్పుడు తానే టీచరు.

"సార్, మీ పాటలు పోయినయంట గదా. నా కాన్పు అయినప్పుడు మీరు నాకొక జోలపాట పంపినరు. యాదున్నదా? నా పాత ఫోన్ల ఇంకా వున్నది."

నాకు జ్ఞాపకం లేదు. సాయంత్రానికి పంపింది. తెరిచాను. ముందు ఒక కోడి కూసింది. తరువాత నా గొంతు, "మొదటినుంచి పాడవ్వా, తొందరలేదు" అంటోంది. అవ్వ నవ్వి, దగ్గి, గొంతు సవరించుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.