సంతకం ఒకరిది, పేరు ఇంకొకరిది

హైదరాబాదు చుట్టాలతో మాట్లాడేటప్పుడు మాకు ఒక తికమక తప్పదు. వాళ్ళు "ప్రధాన కార్యదర్శి" అంటే అధికారులందరికీ పైనుండే చీఫ్ సెక్రటరీ. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు ఆయన "ముఖ్య కార్యదర్శి". "ప్రధాన కార్యదర్శి" అంటే మాకు ఒక శాఖ చూసే ప్రిన్సిపల్ సెక్రటరీ. అక్కడ సరిగ్గా తలకిందులు! రెండు భాషలూ అవే మాటలు తెచ్చుకుని కుర్చీలు మార్చేశాయి.

పేర్ల సంగతి పోనివ్వండి, అధికారం ఎవరి దగ్గరుంది? రాజ్యాంగం 154వ అధికరణం ప్రకారం గవర్నరు దగ్గర. కర్ణాటక సర్కారు ఆదేశం ఏది తీసినా కింద రాజ్యపాలుల ఆజ్ఞానుసారం, వారి పేరున అని ఉంటుంది. సంతకం చాలాసార్లు అధీన కార్యదర్శిది. నిర్ణయం మంత్రిది. ఫైలు ఎవరెవరి బల్ల మీదుగా నడవాలో 1977 నాటి నియమాలు చెబుతాయి.

ఇలా పంచడం తప్పని మేము అనం. 1834 నుంచి 1861 దాకా మైసూరు మొత్తం కమిషనర్ మార్క్ కబ్బన్ ఒక్కడి చేతిలో ఉండింది. మంచి పాలకుడనే పేరుంది, సరే. ఆయన్ని నిలదీసే హక్కు మాత్రం ఇక్కడి జనానికి లేకపోయింది.

కాటన్‌పేట వీధిలో ఒక గుంత పడిందనుకోండి. నీళ్ళ బోర్డు నగరాభివృద్ధి శాఖ కింద, బెస్కాం ఇంధన శాఖ కింద, ట్రాఫిక్ పోలీసులు హోం శాఖ కింద, రోడ్డేమో కార్పొరేషన్‌ది. వీళ్ళందరినీ ఒకచోట నిలబెట్టి అడగాల్సినవాడు కార్పొరేటరు. బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరింది, ఆ తర్వాత అంతా అడ్మినిస్ట్రేటరే. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటిపైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రే. కమిషనర్లు ఐదుగురు వచ్చారు, కార్పొరేటరు ఒక్కడూ రాలేదు.

కార్పొరేటరు వస్తే కమీషన్లే కదా అని మనవాళ్ళే అంటారు. ఉండొచ్చు. కానీ అతన్ని ఐదేళ్ళకోసారి మనం దించొచ్చు, కమిషనరు బదిలీ మన చేతిలో ఉందా? తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ నాలుగూ వినబడే ఈ పేటలో, ఆప్‌లో ఫిర్యాదు పెట్టడం చేతకాని పెద్దవాళ్ళు పొద్దున్నే పోయి తట్టగలిగేది అతని తలుపే.

అందుకే ఎన్నికలు ముందు కావాలి. అవి జరిగే దాకా వార్డు సమావేశమైనా నెలనెలా పేటలోనే పెట్టాలి. నీళ్ళ బోర్డు, బెస్కాం ఇంజినీర్లు అక్కడికే వచ్చి కూర్చోవాలి.