సర్దుకుపోవాల్సింది చెవులేనా?

పెళ్లయి న్యూయార్క్ వెళ్లిన అమ్మాయి ఫోన్ చేస్తే "ఇల్లు బాగుందా, చలి ఎలా ఉంది?" అని అడుగుతాం. నిద్ర పడుతోందా అని మాత్రం అడగం. కిటికీ పక్కనే రైలు, పైఫ్లాట్‌లో పాటలు, అర్ధరాత్రి సైరన్లు. "కొన్నాళ్లకు అలవాటైపోతుందిలే" అనేస్తాం.

నిజంగా అలవాటవుతుందా? అదే నగరంలోని ఒక బడి మీద ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1975లో వెలువడింది. రైలు పట్టాల వైపు గదుల్లోని పిల్లలు చదవడంలో వెనకబడ్డారట! తర్వాత పట్టాల కింద రబ్బరు దిమ్మలు వేసి, గదులకు చప్పుడు పీల్చుకునే పైకప్పులు అమర్చాక ఆ తేడా పోయింది. అంటే మారాల్సింది పిల్లలు కాదు, చప్పుడే!

అక్కడ 2003 నుంచి 311 నంబరుకు ఫోన్ చేసి నగర పాలనకు ఫిర్యాదు చెయ్యొచ్చు. పక్కింటి పాటలైనా, రాత్రివేళ కట్టడం పనులైనా సరే. కానీ "కొత్తగా వచ్చాం, మనకెందుకులే" అని మనవాళ్లు వెనకాడతారు. పైగా మన కుక్కర్ విజిల్‌కి వాళ్లేమంటారోనన్న బెరుకొకటి!

తెల్లారగట్ట మిక్సీ వెయ్యొద్దని అమ్మాయికి చెబుదాం. నిద్ర పట్టకపోతే నోరు విప్పి అడగడం తప్పు కాదనీ చెబుదాం.