మరక వేరు, మచ్చ వేరు

మరక, మచ్చ, డాగు... మూడూ ఒకటేగా అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. నిఘంటువు పక్కన పెట్టి, మనం రోజూ మాట్లాడే తీరు చూడండి.

చొక్కా మీద టీ ఒలికితే మరక. మొటిమ తగ్గాక చెంప మీద మిగిలేది మచ్చ. పుట్టుమచ్చ అంటాం గానీ పుట్టుమరక అనం. చందమామలో ఉన్నదీ మచ్చే. ఉర్దూ 'దాగ్' నుంచి వచ్చిన డాగు మాత్రం రెండు చోట్లా సర్దుకుపోతుంది. అక్కడక్కడా కలిపి వాడినా, మూలంలో తేడా ఇదీ: మరక బయటి నుంచి వచ్చి పడింది, మచ్చ మనలో భాగమైపోయింది.

మరకల్లోనూ రకాలున్నాయి. పసుపు మరకకి సబ్బు రుద్దితే అందులోని క్షారానికి ఎర్రబడి భయపెడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది. నల్లజీడి రసం మరక పోనే పోదు. అందుకే ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి చాకిరేవులో దాంతోనే గుర్తు పెట్టేవారు. 1962 ఎన్నికల నుంచి ఓటరు వేలికి పెడుతున్న సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, అదీ ఓ పట్టాన పోదు. కానీ దాన్ని ఎవరైనా మరక అన్నారా? 'సిరా చుక్క' అని మురిసిపోయి సెల్ఫీ దిగుతాం. అంటే ఏది మరకో తేల్చేది రంగు కాదు, మనమే.

ఇక మన సంగతి. సబ్జెక్ట్ పోతే "మెమో మీద మచ్చ పడింది" అనేస్తాం. ప్లేస్‌మెంట్ నోటీసుల్లో రెండు రకాల షరతులు చూసే ఉంటారు. "యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు" అనే కంపెనీ దాన్ని మరకలా చూస్తోంది. సప్లీ రాసి పాసైతే చాలు. "బ్యాక్‌లాగ్ హిస్టరీయే ఉండకూడదు" అనే కంపెనీ మచ్చలా చూస్తోంది. సెకండియర్‌లో పోయిన మ్యాథ్స్, తర్వాత ఎన్ని మార్కులతో పాసైనా, ఫైనలియర్ దాకా వెంటాడుతుంది. ఇది నాకు అన్యాయమనిపిస్తుంది. చదువుకి వచ్చినవాడు ఒకసారి తప్పి, మళ్లీ నేర్చుకుని పాసైతే అది చదువు పనిచేసినట్టే కదా!

కంపెనీ రూల్స్ మన చేతిలో లేవు. మన నోరు మన చేతిలోనే ఉంది. రిజల్ట్స్ రోజున ఇంటి ఫోన్ ఎత్తకుండా మంచం మీద ముడుచుకుని పడుకున్న రూమ్మేట్‌కి మచ్చ గురించి చెప్పకండి. "మరకేరా, సప్లీ ఫీజు ఎప్పుడు కడుతున్నావ్?" అని అడగండి.