పసిడి లెక్కతోపాటు దుమ్ము లెక్కా కావాలి

జొన్నగిరి గని కార్మికులకు తొలిరోజు పరీక్షే రక్ష
కోలారు నేర్పిన పాఠం మరువరాదు

తుగ్గలి: తొలకరి పడితే వజ్రాల వేటతో వార్తలకెక్కే జొన్నగిరి ప్రాంతం ఇప్పుడు బంగారు గనితో దేశం దృష్టిని ఆకర్షిస్తోంది. జియోమైసూర్ సర్వీసెస్ సంస్థ 2013లో పొందిన లీజుపై ఇక్కడ గనిని చేపట్టింది. ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయే పల్లెలకు ఊరి దగ్గరే పని దొరకడం ఊరటే. ఎన్ని కిలోల పసిడి వస్తుంది, ఎందరికి ఉద్యోగాలు దక్కుతాయి అన్న చర్చ ఊరూరా సాగుతోంది. అయితే గనిలో దిగే కార్మికుడి ఊపిరితిత్తుల సంగతి కూడా అదే స్థాయిలో చర్చకు రావలసి ఉంది.

కంటికి కనిపించని ధూళి

బంగారం పలుగురాతి పొరలతో ముడిపడి ఉంటుంది. టన్ను రాతి నుంచి లభించేది కొద్ది గ్రాములే. అందువల్ల కిలో పసిడి కోసం వందల టన్నుల రాతిని తొలిచి, పేల్చి, నలిపి, పిండి చేయక తప్పదు. పలుగురాయి అంటే సిలికా. కళ్లకు కనిపించే దుమ్ము ముక్కు, గొంతుల వద్దే చాలావరకు ఆగిపోతుంది. అసలు ముప్పు కనిపించని సన్నని ధూళితోనే. అది ఊపిరితిత్తుల లోతుకు చేరి గాయం చేస్తుంది. క్రమంగా అవి గట్టిపడి సిలికోసిస్‌కు దారితీస్తాయి. ఈ జబ్బును నయం చేసే మందు లేదు. క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి క్షయగానే భావించి మందులిచ్చే సందర్భాలూ ఉన్నాయి.

కోలారు చెప్పిందేమిటి?

పొరుగునున్న కర్ణాటకలోని కోలారు గనుల్లో తమిళులతోపాటు తెలుగువారూ తరాలపాటు పనిచేశారు. అక్కడ 1940వ దశకంలో 7,653 మందిని పరీక్షించగా 43.7 శాతం మందిలో సిలికోసిస్ బయటపడింది. గనులు 2001లో మూతపడ్డాయి. జబ్బు మాత్రం కార్మికుల వెంటే ఇళ్లకు వెళ్లింది.

కోలారువి లోతైన భూగర్భ గనులు. జొన్నగిరిది పైనుంచి తవ్వే గని. గాలి ఆడే చోట ధూళి కొంత పలచబడుతుంది కనుక రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. అయినా డ్రిల్లింగ్ యంత్రం పక్కన, రాయి నలిగే క్రషర్ వద్ద, కన్వేయర్ నుంచి రాయి జారిపడే చోట ధూళి దట్టంగానే ఉంటుంది. ఊరంతటికీ కలిపి సగటు తీస్తే ఈ తేడా తెలియదు. ఏ పనివాడు ఎక్కడ, ఎన్ని గంటలు నిలబడుతున్నాడో చూసి, అతడి దుస్తులకే నమూనా పరికరం తగిలించి కొలవాలి.

మాస్కు చివరి మెట్టు

ప్రమాదాన్ని అంచనా వేశాక అదుపు చేయడానికి ఒక వరుస ఉంది. మొదట దుమ్ము పుట్టకుండా చూడాలి. డ్రిల్లింగ్ నీటితో జరగాలి, రాయిని తడిపి నలపాలి. పుట్టిన దుమ్ము బయటికి రాకుండా క్రషర్‌ను, కన్వేయర్‌ను కప్పాలి. టిప్పర్ల, యంత్రాల క్యాబిన్లకు వడపోసిన గాలి అందించాలి. ఇవన్నీ అమలు చేశాకే మాస్కు. రుమాలు, తువ్వాలు ఈ ధూళిని ఆపలేవు. మే నెల ఎండలో బిగుతైన మాస్కుతో ఎనిమిది గంటలు పనిచేయడం ఎంత కష్టమో ఈ సీమ ఎండ ఎరిగినవారికి చెప్పనక్కర లేదు.

బంగారాన్ని వేరుచేయడానికి సాధారణంగా సయనైడ్ ద్రావణం వాడతారు. దాని క్షారగుణం తగ్గితే ప్రాణాంతక వాయువు వెలువడుతుంది. ఇక్కడ ప్రమాదం నిమిషాల్లోనే ముంచుకొస్తుంది. ఇటువంటి విష ప్రమాదంలో కర్నూలు సర్వజన వైద్యశాలకు చేరేదాకా ఆగే వ్యవధి ఉండదు. విరుగుడు మందు, దాన్ని ఇవ్వగల సిబ్బంది పనిచోటే ఉండి తీరాలి.

రికార్డే ఆధారం

సిలికోసిస్ సాధారణంగా పదేళ్లు దాటాకే బయటపడుతుంది. అప్పటికి కార్మికుడు వేరే కాంట్రాక్టరు కింద, వేరే ఊళ్లో ఉండవచ్చు. చేరిన రోజున ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో తెలిపే ఎక్స్‌రే, ఎన్నేళ్లు ఏ పనిలో ఉన్నాడో చెప్పే కాగితం లేకపోతే జబ్బు ఈ గనిదేనని నిరూపించడం దాదాపు అసాధ్యం. సిలికోసిస్ పరిహారానికి అర్హమైన వ్యాధుల జాబితాలో ఉన్నా, కాగితం లేనివాడికి ఆ హక్కు అందని ద్రాక్షే. ఆరోగ్యం కార్మికుడి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కేసులో తేల్చిచెప్పింది.

గనుల చట్టం 1952 స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్షలు, నియామక పత్రం అందులో ఉన్నాయి. సిలికోసిస్ కనుగొన్న వైద్యుడు అధికారులకు తెలియజేయాలన్న నిబంధనా ఉంది. కాంట్రాక్టు కూలీకీ ఇవి అందినప్పుడే చట్టానికి సార్థకత.

ఈ పద్ధతి గనికే పరిమితం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో పత్తి దుమ్ము నడుమ పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది. సెలవు ముగించుకొని వచ్చిన రోజున ఛాతీ పట్టేసినట్లుండటం పత్తి ధూళి జబ్బుకు తొలి సంకేతం.

ఇవి చేస్తే చాలు

* ప్రతి కార్మికుడికీ చేరిన రోజే ఎక్స్‌రే, శ్వాస పరీక్ష జరిపి, నకలు అతడి చేతికే ఇవ్వాలి.
* ధూళి కొలతలను తెలుగులో రాసి గని గేటు వద్ద, పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించాలి.
* తుగ్గలి, పత్తికొండ ఆస్పత్రులకు వచ్చే దగ్గు రోగులను వైద్యులు ఏం పని చేస్తున్నారని తప్పక అడగాలి.

వీటికి కోట్లు అక్కరలేదు. తవ్విన పసిడిని మిల్లీగ్రాముల లెక్కన తూచగలిగినప్పుడు, కార్మికుడు పీల్చే దుమ్మును కొలవడం కష్టమేమీ కాదు. పని ఊపందుకోకముందే యాజమాన్యం, గనుల భద్రతా అధికారులు, జిల్లా యంత్రాంగం ఆ లెక్కను మొదలుపెట్టాలి.