ఈ ప్లాటు ఒకప్పుడు ఎవరి చెల్క?



ఉద్యోగం వచ్చిన మా విద్యార్థులు ఆర్నెల్లు తిరక్కుండానే ఫోన్ చేసి అడిగే మాట ఒకటే. "సార్, ఎక్కడన్నా ప్లాటు తీసుకుందామనుకుంటున్నా. షాద్‌నగర్ వైపా, యాదగిరిగుట్ట వైపా?" నేను తప్పు పట్టను. తాత పాలేరు, నాయిన మేస్త్రీ కింద కూలీ. మూడో తరానికి నెల జీతం కళ్లచూశాం. వంద గజాల నేల మీద మన పేరు చూసుకోవాలన్న ఆకలి మనకు కాక ఇంకెవరికుంటుంది? కానీ యూట్యూబ్ పాఠాలు లొకేషన్, ఈఎంఐ, రిటర్న్స్ దగ్గరే ఆగిపోతాయి. ఆ నేల నిన్నటిదాకా ఎవరిదో చెప్పవు. మీరు అక్కడినుంచే మొదలుపెట్టండి.

భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన ఎకరం, అరెకరం దాదాపు ప్రతి ఊరి చివరా ఉంటుంది. తెలంగాణలో లావుణి పట్టా, సీమలో డీకేటీ పట్టా, కోస్తాలో డి-ఫారం పట్టా. పేరేదైనా చాలాచోట్ల అది మాల, మాదిగ ఇళ్ల కాగితమే. ఆ భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం చెప్పింది. కొన్నవాడి నుంచి తీసి అసలు పట్టాదారుకో వారసులకో ఇవ్వాలి, కుదరకపోతే సర్కారు తీసుకోవాలి. రాతలో గట్టి చట్టమే. అయినా బిడ్డ పెళ్లికో ఆస్పత్రికో ఇచ్చిన అప్పు, ఒక తెల్లకాగితం, ఒక వేలిముద్ర చాలు. కొన్నేళ్లకు అక్కడ ఆర్చి లేస్తుంది, దానికి 'వెంచర్' అని పేరు. ఇంగ్లీషులో ఆ మాటకు సాహసమనే అర్థం ఉంది. ఎవరి డబ్బుతో సాహసమో బ్రోచర్‌లో రాయరు.

చవగ్గా వస్తోందని అది కొంటే రేపు మునిగేది 20 ఏళ్లు అప్పు కట్టాల్సిన మొదటితరం ఉద్యోగి. నిన్న మునిగింది అలాంటి ఇంకో ఇల్లు. మధ్యలోవాడు మాత్రం కారు మార్చి ఉంటాడు.

ఈసీ చూశాం కదా అని నిమ్మళంగా ఉండకండి. అందులో రిజిస్టరైనవే కనిపిస్తాయి, సాదా బైనామాలు కనిపించవు. సర్వే నంబరు పట్టుకుని 22-ఏ నిషేధిత జాబితాలో వెతకండి. లింకు డాక్యుమెంట్లు వెనక్కి చదువుకుంటూ పోండి. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ దాకా పోవాలి. అందులో 'సర్కారీ' అని ఉంటే ఆగిపోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా నంబరు ఉండాలి. అది రాకముందు 'ప్రీలాంచ్' పేరుతో బుకింగ్ తీసుకోవడమే చట్టవిరుద్ధం. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని కూడా అదే చట్టం చెబుతోంది.

ఆంధ్రలో 2023 సవరణ వచ్చాక, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ సాగుభూమిని అమ్ముకునే వీలు అసలు పట్టాదారులకు, వారసులకు కల్పించారు. అమ్ముకోలేనిది ఆస్తి ఎలా అవుతుందని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా భయమల్లా, ఆ హక్కు సంగతి వాడలోని ముసలమ్మకు తెలిసేలోపు బ్రోకరుకు తెలిసిపోతుందని.

మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అలాంటి పట్టా ఉందా? అయితే ప్లాటు సంగతి తర్వాత. పాసుపుస్తకంలో ఎవరి పేరుందో చూడండి. ఇంకా తాత పేరే ఉంటే విరాసత్‌కు దరఖాస్తు పెట్టండి. జీతంలో కొంత తీసి హద్దులు కొలిపించండి. పక్క రైతు గెట్టు ఎంత లోపలికి జరిపాడో అప్పుడు బయటపడుతుంది. అరవై కిలోమీటర్ల అవతల వంద గజాల కోసం పరుగెత్తేవాళ్లం, ఇంటి అరెకరం ఎవరి దున్నకంలో ఉందో కనుక్కోకపోతే ఎలా?

కంపెనీ కారులో సైటు చూడ్డానికి వెళ్తే గేటు బయటే దిగండి. పక్కనున్న మన వాడకు నడిచి వెళ్లి, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మను అడగండి, ఇది ఎవరి చెల్క అని.

జై భీమ్.

(వచ్చే వారం: అద్దె ఇంటి గుమ్మంలో 'మీరేమిట్లు?')