అర గ్రాము కేసుకు ఏడాది గడువు

కోలారు బంగారు గనుల దాపునే ఉన్న కామసముద్రం మూడు రాష్ట్రాలు కలిసే చోటికి దగ్గర. బెంగళూరు-చెన్నై రైలు దారి పక్కనే పోతుంది, కుప్పం వైపు సరిహద్దు ఎంతో దూరం లేదు. ఇలాంటి చోట ఓ కుర్రాడు మత్తుమందు ఎక్కువై చనిపోతే, అమ్మినవాడిపై కేసు ఎన్నాళ్లలోపు పెట్టాలి?

మన చట్టం ఈ గడువును మరణాన్ని బట్టి కాక, నేరానికి పడే శిక్షను బట్టి లెక్కిస్తుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. గరిష్ఠ శిక్ష ఏడాదే అయితే గడువూ ఏడాదే. 1985 నాటి మత్తుమందుల చట్టమేమో (ఎన్‌డీపీఎస్) శిక్షను మందు బరువుతో తూస్తుంది. ఎండీఎంఏ అర గ్రాము, హెరాయిన్ 5 గ్రాములు, గంజాయి కిలో దాటకుంటే అది ‘స్వల్ప పరిమాణం’, గరిష్ఠ శిక్ష ఏడాది. ఆ కొద్దిపాటి మందే ప్రాణం తీస్తే ఏం చేయాలో ఆ చట్టంలో ఎక్కడా లేదు.

అసలు చిక్కు సాక్షి దగ్గరుంది. పక్కన కూర్చుని అదే మందు తీసుకున్న స్నేహితుడికే అమ్మిందెవరో తెలుసు. నోరు విప్పితే, సేవించినందుకు ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద తానూ ముద్దాయి. ఆ శిక్ష కూడా ఏడాదికి మించదు కనుక, నేరం జరిగిన రోజు నుంచి లెక్కిస్తే ఏడాది గడిచాక అతని భయం తీరుతుంది. అదే రోజుకు అమ్మినవాడి గడువూ తీరిపోతుంది. ఇంతకంటే అన్యాయమైన లెక్క ఉంటుందా?

ఈలోపు ఇంట్లో జరిగేది మనందరికీ తెలుసు. పరువు పోతుందని గుండెపోటు అని చెప్పి సాయంత్రానికల్లా మట్టి చేసేస్తారు. పోస్టుమార్టం జరిగినా విసెరా నివేదిక కోసం ఎదురుచూపులు తప్పవు. 2008 మేలో కల్తీ సారా బెంగళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాల్లో 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. అన్ని శవాలు ఒక్కసారి లేచాయి గనుక దాచడం ఎవరి తరమూ కాలేదు. మత్తుమందు ఒక్కొక్కరినే తీసుకుపోతుంది.

ఒక దారి మాత్రం తెరుచుకుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత ఐపీసీ 304ఏ కింద శిక్ష రెండేళ్లు, గడువు మూడేళ్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఆ శిక్షను ఐదేళ్లు చేసింది. దాంతో గడువే లేకుండా పోయింది. అంతకుముందు జరిగిన మరణాలకు పాత లెక్కే. హత్య కాని నరహత్యకు ఎప్పుడూ గడువు లేదు గానీ, ఆ మందు వల్లే చనిపోయాడని, ఫలానావాడే ఇచ్చాడని రుజువు చేయాలి. అందుకు మళ్లీ ఆ స్నేహితుడే కావాలి.

అమెరికా ఫెడరల్ చట్టం 1986 నుంచి ఇలాంటి మరణాలకు కనీసం 20 ఏళ్ల శిక్ష పెట్టింది. అక్కడా కేసుకు సాధారణ గడువు ఐదేళ్లే.

మనకు కావలసింది ఉరికంబాలు కాదు. అనుమానాస్పద మరణంలో విసెరా నివేదిక అందిన రోజు నుంచి గడువు లెక్కించాలి. నేరం పోలీసులకు తెలిసిన నాటి నుంచి లెక్కించే వీలు నాగరిక సురక్షా సంహిత 515వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ 64ఏ సెక్షన్ ఇస్తున్న రక్షణను, స్నేహితుడు కుప్పకూలినప్పుడు 108కి ఫోన్ చేసినవాడికీ పార్లమెంటు ఇవ్వాలి.