పంపుతో పోసిన ఇసుక దీవిని కాపాడదు

మాల్దీవుల రిసార్టుల మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తోంది. సముద్రం కోసుకుపోయిన ఇసుకను ఆ సముద్రంలోంచే తోడి మళ్ళీ ఒడ్డున పోస్తున్నారు, సిమెంటు గోడ కట్టడం లేదు, ప్రకృతికి ఇందులో హాని ఏముంది అని. దానికి బలంగా మన విశాఖనూ చూపిస్తారు: ఆర్.కె. బీచ్‌లో డ్రెడ్జర్లతో ఇసుక పోయడం లేదా అని. వాదన తప్పు. ఉదాహరణ అంతకంటే తప్పు.

ముందు విశాఖ సంగతి. మన తూర్పు తీరం వెంట అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. అందులో చాలా భాగం నదులు తెచ్చి సముద్రంలో పోసినదే. 1933లో మొదలైన విశాఖ ఓడరేవు కట్టడాలు ఆ నడకకు అడ్డు పడ్డాయి. అడ్డానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన బీచ్ కోసుకుపోతుంది. ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్ తోడి అవతలి ఒడ్డుకు దాటిస్తుంది. ఆ పనిలోనూ లోపాలున్నాయి. కానీ ఆ ఇసుకకు వెనక నదులున్నాయి, కొండలున్నాయి.

మాల్దీవుల్లో నది లేదు, కొండ లేదు. అక్కడి సుమారు 1,200 దీవుల ఇసుక దాదాపు అంతా ఒకప్పుడు ప్రాణుల ఒంట్లో ఉన్న సున్నమే. పగడాలు, గవ్వలు, సున్నపు నాచు, కంటికి ఆనని సూక్ష్మజీవుల పెంకులు నలిగి నలిగి ఒడ్డు చేరాయి. పరిశోధకుడు క్రిస్ పెర్రీ బృందం అక్కడి వక్కరు దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బను పరిశీలించి 2015లో తేల్చిన విషయం ఇంకా ఆశ్చర్యకరం. అక్కడ కొత్తగా పుడుతున్న ఇసుకలో 85 శాతానికి పైగా చిలకచేపల పుణ్యమే. అవి నాచు కోసం పగడపు రాతిని ముక్కుతో గీకుతాయి, గొంతులోని పళ్ళతో నూరుతాయి, మిగిలిన సున్నాన్ని తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. పర్యాటకులు కాళ్ళకు తగలగానే మురిసిపోయే ఆ మెత్తదనం అలా పుట్టింది. ఆ దిబ్బ ఆరోగ్యంగా ఉన్నంత కాలం కొత్త ఇసుక వస్తూనే ఉంటుంది. అది చచ్చిపోతే, ఉన్న ఇసుకే ఆఖరి ఇసుక.

ఇప్పుడు డ్రెడ్జర్ చేసే పని చూడండి. అది దీవికీ దిబ్బకూ మధ్య ఉన్న లోతు తక్కువ లగూన్ అడుగును కోసి, నీటితో కలిపి, గొట్టాల్లోంచి ఒడ్డు మీదికి చిమ్ముతుంది. ముతక ఇసుక ఒడ్డున నిలుస్తుంది. పిండిలాంటి సన్నని సున్నపు బురద మాత్రం నీళ్ళతో వెనక్కి జారి, ప్రవాహం ఎటు ఉంటే అటు పోతుంది. పగడాలకు తిండి పెట్టేది వాటి కణాల్లో కాపురముండే సూక్ష్మ నాచు. దానికి ఎండ కావాలి. నీళ్ళు తెల్లగా కలకబారితే ఆ ఎండ తగ్గుతుంది. మీద పడ్డ బురదను పగడం జిగురు స్రవించి కడుక్కుంటుంది, ఉన్న కాస్త శక్తీ అందుకే ఖర్చవుతుంది. పగడాల పిల్లలు అంటుకుని పెరగడానికి శుభ్రమైన గట్టి రాయి కావాలి, బురద పొర మీద అవి నిలవవు. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి మాల్దీవుల పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. కోలుకోవలసిన దిబ్బ మీద బురద పోయడాన్ని రక్షణ అని పిలవడం నాకు కోపం తెప్పిస్తుంది.

తవ్విన గొయ్యి కూడా ఊరకే ఉండదు. ఒడ్డుకు దగ్గరలో లోతు పెరిగితే అలలు మునుపటికంటే బలంగా వచ్చి తాకుతాయి. పోసిన ఇసుకలో కొంత జారి మళ్ళీ ఆ గోతిలోకే చేరుతుంది. అందుకే ఒకసారి మొదలుపెట్టిన రిసార్టు మళ్ళీ మళ్ళీ పోయవలసి వస్తుంది. ఫొటోల్లో నీళ్ళు నల్లగా కనిపిస్తున్నాయని సముద్రపు గడ్డిని పీకించిన రిసార్టులూ ఉన్నాయి. అడుగున ఇసుకను వేళ్ళతో పట్టి ఉంచేది ఆ గడ్డి. పచ్చ తాబేళ్ళ మేత కూడా అదే.

కానీ సముద్రం కోసుకుపోయిన ఇసుకనే తిరిగి పోస్తున్నామనే ఆ వాదనకు పునాదిలోనే పెద్ద తప్పుంది. చాలా రిసార్టుల్లో ఇసుక పోవడం లేదు, పక్కకు జరుగుతోంది. మాల్దీవుల్లో గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మారుతుంది. నైరుతి కాలాన్ని అక్కడివాళ్ళు హుళంగు అంటారు, ఈశాన్య కాలాన్ని ఇరువై అంటారు. ఒక కాలంలో దీవికి ఒక పక్క మేట వేసిన ఇసుక ఇంకో కాలంలో చుట్టూ తిరిగి రెండో పక్కకు చేరుతుంది. పరిశోధకులు పాల్ కెంచ్, రాబర్ట్ బ్రాండర్ ‘బా’ అటోల్ (వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు) దీవుల్లో ఈ కదలికను కొలిచి 2006లో ప్రచురించారు. జరిగే ఒడ్డు అంచున గదులు కట్టింది రిసార్టు. గది ముందు ఇసుక జరిగిపోగానే దానికి కోత అని పేరు పెట్టి, ఆపడానికి రాళ్ళతో గ్రోయిన్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డుకట్టలు), బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే కట్టలు) వేస్తుంది. అవి ఇసుక చుట్టుతిరుగుడును మధ్యలో తెంచేస్తాయి. ఒక పక్క బీచ్ ఉబ్బుతుంది, ఇంకో పక్క నిజంగానే కోసుకుపోవడం మొదలవుతుంది. ఆ కోతను చూపించి డ్రెడ్జర్‌ను పిలుస్తారు.

సముద్రమట్టం పెరుగుతోంది కదా, ఏమీ చేయకపోతే దీవులు మునిగిపోవా అని అడిగేవారికి సూటిగా జవాబు చెప్పాలి. ప్రమాదం నిజమే. ఆ దేశపు నేలలో అత్యధిక భాగం సముద్రమట్టానికి మీటరు ఎత్తులోపే ఉంది. 1987లో అలలు మాలే నగరాన్ని ముంచెత్తాక జపాన్ సాయంతో రాజధాని చుట్టూ అడ్డుగోడ కట్టారు. లక్షమందికి పైగా ఉండే చోట అది అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే పగడపు దీవులు కదలకుండా పడి ఉండే మట్టిగడ్డలు కావు. ఆర్థర్ వెబ్, పాల్ కెంచ్ పసిఫిక్‌లోని 27 దీవుల పాత, కొత్త చిత్రాలను పోల్చి 2010లో ప్రచురించారు. సముద్రమట్టం పెరుగుతున్నా వాటిలో 86 శాతం దీవుల వైశాల్యం అలాగే ఉంది, లేదా పెరిగింది. ఎప్పటికీ ఇలాగే ఉంటుందని దీనర్థం కాదు. దిబ్బ బతికి, ఇసుకకు కదిలే దారి ఉంటే దీవి తనను తాను సర్దుకోగలదని అర్థం. విర్జినీ దువా, అలెగ్జాండర్ మాన్యాన్ మాల్దీవుల్లో 608 దీవులను పరిశీలించి 2019లో హెచ్చరించింది కూడా దీని గురించే: సముద్రాన్ని పూడ్చి నేల చేసే పూడికలు, తీరపు కట్టడాలు ఆ సర్దుకునే శక్తిని దెబ్బతీస్తున్నాయని.

పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తెప్పిస్తున్నారు, బురదకు తెరలు కడుతున్నారు అంటారు. ప్రవాహం గట్టిగా ఉన్నచోట ఆ తెరలు నిలవవు. నివేదిక రాసేవారికి డబ్బు ఇచ్చేది పని చేయించుకునే సంస్థే. అంతకంటే ముఖ్యం, నివేదిక నష్టాన్ని ఒప్పుకున్నా పని ఆగదు. మాల్దీవుల్లోని అడ్డూ అటోల్‌కు 2020లో యునెస్కో జీవావరణ రిజర్వు గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత అక్కడ తలపెట్టిన పూడికలో కొత్త రిసార్టు దీవులూ ఉన్నాయి. 21 హెక్టార్ల పగడాలు, 120 హెక్టార్ల సముద్రపు గడ్డి పూడిపోతాయని అంచనా నివేదికే చెప్పింది. అయినా డ్రెడ్జర్ వచ్చింది. ఆ పనికి అప్పు ఇచ్చింది భారత ఎగ్జిమ్ బ్యాంకు, అంటే మన ప్రభుత్వ బ్యాంకు. ఇది పరాయి దేశం గొడవ అని తెలుగు పాఠకులు పక్కన పెట్టలేకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

పర్యాటకం లేకపోతే ఆ దేశానికి బతుకు లేదన్నది నిజం. అందుకే ఆ పర్యాటకం నిలబడ్డ దిబ్బను ముందు కాపాడమంటున్నాను. కొత్త గదులను ఇసుక తిరిగే అంచుకు దూరంగా, లోపలికి కట్టవచ్చు. నీళ్ళు, ఇసుక కిందనుంచి పోయేలా జెట్టీలను స్తంభాల మీద నిలపవచ్చు. ఏ కాలంలో ఏ పక్క బీచ్ ఉంటుందో అతిథికి ముందే చెప్పి, కుర్చీలను అటు మార్చవచ్చు. ఇసుక పోయక తప్పదనే రిసార్టు ఎంత తోడింది, ఎక్కడ తోడింది, తర్వాత దిబ్బ మీద పగడాలు ఎన్ని బతికాయి అన్న లెక్కలను ఏటా బయటపెట్టాలి. ఆ లెక్క చూపించలేని చోట తర్వాతి అనుమతి ఇవ్వకూడదు.